గోడకు తగిలించిన మంట

నంద్యాల,
5 మార్చి 2007

అక్కకు తమ్ముడు చెన్నకేశవులు దండాలు.

ఇక్కడ నేనూ, నీ మరదలు భ్రమరాంబికా బాగున్నాం. నువ్వు బాగున్నావని అడగకుండానే తెలిసింది. మొన్న ఆళ్లగడ్డ బస్సు కండక్టరు కనపడి, చిల్లర లేదన్నందుకు నీ చేత తిట్లు తిన్నానని చెప్పాడు.

సెల్లుఫోను చేతిలో పెట్టుకుని జాబేమిటని భ్రమరాంబిక నవ్వుతోంది. సర్వీసంతా తపాలా ఆఫీసులో ఊరివాళ్ల జాబుల మీద ముద్రలు కొట్టాను. రిటైరయ్యాక నాకంటూ ఒక్క జాబన్నా రావద్దా? పైగా ఫోనులో నువ్వు మాట్లాడుతుంటే నాకు సందు దొరకదు. జాబులోనైతే చివరిదాకా నేనే మాట్లాడొచ్చు. కాబట్టి నువ్వూ జాబే రాయి.

విషయాలు రెండు. మొదటిది, కొత్త ఇంటి పని అయిపోవచ్చింది. వైశాఖంలో రెండో శుక్రవారం పొద్దున గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాను. ఇంటి ఆడపడుచువి నువ్వు. పాలు పొంగించాల్సింది నువ్వే. ముందురోజే వచ్చెయ్.

రెండోది చెబితే నువ్వు నవ్వుతావు. అయినా చెబుతాను. బెంగళూరులో మా అమ్మాయి దీపిక ఇంటికి పోయినప్పుడు ఒక అంగట్లో గోడకు తగిలించే కరెంటు మంటను చూశాను. ఫైర్‌ప్లేస్ అంటారు. పెద్ద పటమంత నల్లటి అద్దం పెట్టె. రిమోటు మీద స్విచ్ వేస్తే లోపల కట్టెలు కణకణలాడుతూ మంట లేస్తుంది. నిజం మంట కాదు, లైట్లు చేసే గారడీ. పొగ లేదు, బూడిద లేదు. ఇంకో స్విచ్ వేస్తే కింద నుంచి వేడిగాలి కూడా వస్తుంది. అంగడివాడు "ఏ ఊరు సార్ మీది, ఊటీనా?" అన్నాడు. నంద్యాల అన్నాను. ఫ్యాన్లు పక్క గదిలో ఉన్నాయన్నాడు.

ఎందుకంటావా? పెళ్లైనప్పటి నుంచి బదిలీల మీద ఎన్ని అద్దె ఇళ్లు మారామో నీకు తెలుసు. ఏ ఇంటివాళ్లూ గోడకు మేకు కొట్టనివ్వలేదు. కొలిమిగుండ్లలో ఉన్నప్పుడు క్యాలెండరు తలుపు గడియకు వేలాడదీసుకున్నాం. ఇప్పుడు గోడ నాది. దానికి నంద్యాలలో ఎవరి దగ్గరా లేనిదొకటి తగిలించాలి. అంతే.

రెండు రకాలు నచ్చాయి. ఒకదాంట్లో కట్టెల మధ్య మంట, ఇంకోదాంట్లో తెల్లటి గులకరాళ్ల మధ్య మంట. ఏది తెప్పించమంటావో రాయి.

నీ జాబు కోసం గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే,
కేశవులు


ఆళ్లగడ్డ,
11 మార్చి

ఒరే కేశవా,

నీ జాబు అందింది. కోడలు ఈశ్వరి చదివి వినిపిస్తానంటే నేనే లాక్కున్నా. మొదటిసారి చదివి నాకే సరిగ్గా అర్థం కాలేదనుకున్నా. రెండోసారి చదివితే నీకే తిక్క పట్టిందని అర్థమైంది.

ఏందిరా నువ్వు చేస్తాండేది? నంద్యాలలో నిప్పు కొనేదేంది? మార్చి నెలకే మీ ఊళ్లో మిద్దె మీద కాలు పెట్టలేము. నాపరాళ్ల గనుల నుంచి వచ్చే గాలే మనిషిని సగం కాలుస్తాంది, మిగతా సగం నువ్వు కాల్చల్లనా? ఇంట్లో ఫ్యాను పెట్టించుకో, కూలరు పెట్టించుకో. ఎవరన్నా అడిగితే గర్వంగా చెప్పుకోవచ్చు. గోడకు మంట పెట్టుకున్నానని ఏ ముఖంతో చెప్తావ్?

పొగ లేదంటావ్. సరే. మరి దాని మీద గిన్నె యాడ పెడతావ్? గిన్నె పెట్టలేని పొయ్యి పొయ్యేనా? మనవనికి బాగా నచ్చింది, "టీవీలో మంట లాంటిదా అవ్వా?" అంటాడు. నాకైతే అంతే అనిపిస్తాంది.

కట్టెలా రాళ్లా అని అడిగినావ్. రాళ్లు కాలేది ఎవరన్నా చూసినారా? చూసేవాళ్లు నవ్విపోతారు. ఎట్లాగూ అబద్ధం మంటే కదా, కాస్త నమ్మేటట్లన్నా ఉండల్ల. కట్టెలే తెప్పించు.

ఇంక పాల సంగతి. నేను రాను. మీ బావ పోయినాక నేను ఏ శుభకార్యానికీ పోవడంలేదు. నీకు తెలుసు. తెలిసీ అడుగుతావ్. నన్ను విడిచిపెట్టి మీ పని మీరు కానీండి.

భ్రమరాంబికను ఎండలో మేస్త్రీల వెంట తిరగొద్దని చెప్పు.

మీ అక్క,
కమలాక్షమ్మ


నంద్యాల,
17 మార్చి

అక్కకు,

కట్టెల మంటే చెప్పాను. దీపిక బెంగళూరు నుంచి లారీలో వేయించింది. అట్టపెట్టె మీద బాణం గుర్తు వేసి ఇటుపక్క పైకి అని రాసున్నా తలకిందులుగానే దిగింది. అద్దం మాత్రం పగల్లేదు. ఎంపిక నీదే కాబట్టి దాని మంచిచెడ్డలు నీకూ చెందుతాయి.

ఇప్పుడు పెద్ద చిక్కు దాన్ని యాడ తగిలించాలనేది. హాలులో ఖాళీ గోడ ఈశాన్యంలో ఉంది. దాన్ని ఖాళీగా వదిలిందే దీనికోసం. వాస్తు చూసే ఆయన వచ్చి గుండె పట్టుకున్నంత పని చేశాడు. "ఈశాన్యంలో నిప్పా! నీళ్లుండాల్సిన మూలప్పా అది!" అన్నాడు. ఇది నిజం నిప్పు కాదు, బొమ్మ అన్నాను. ఆయన అట్టపెట్టె మీది ఫొటోను చాలాసేపు చూసి, "వేడి వస్తాదా?" అన్నాడు. స్విచ్ వేస్తే వస్తుంది, లేకుంటే రాదన్నాను. "అయితే మంట వేసినప్పుడు బొమ్మ, వేడి వేసినప్పుడు నిప్పు. రెండో స్విచ్ ఎవరైనా పొరపాటున నొక్కితే మీ వంశానికి ఎవరు జవాబుదారీ?" అన్నాడు.

చివరికి ఆగ్నేయం పక్క, హాలుకూ వంటింటికీ మధ్య ఉన్న గోడ ఖాయం చేశాం. భ్రమరాంబికకు కొంచెం కోపంగా ఉంది. అక్కడ అహోబిలం నరసింహస్వామి పటం పెట్టాలని ఆమె అనుకుంది. స్వామి ఇప్పుడు ఈశాన్యానికి మారాడు. ఆయనకు అదే మంచి చోటని నచ్చజెప్పాను.

నువ్వు రాలేనన్నావు. చదివి మనసుకు చాలా కష్టమైంది. అయినా నిన్ను ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదక్కా. బలవంతం చేయను. నీ మాటే నా మాట.

సుత్తి చప్పుళ్ల మధ్య రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే క్షమించు.

కేశవులు


ఆళ్లగడ్డ,
24 మార్చి

కేశవులుకు,

జాబు అందింది.

ఆగ్నేయమే మంచిది. గోడ మందం చూసుకుని మేకులు కొట్టించు.

బలవంతం చేయనన్నావు. సంతోషం.

ఈడ అందరూ బాగున్నారు. శనగలు ఇంటికి వచ్చినాయి.

కమలాక్షమ్మ


నంద్యాల,
2 ఏప్రిల్

అక్కా,

నువ్వు సంతోషమని రాశాక నా గుండె మీది బరువు దిగింది. నువ్వు బాధపడుతున్నావేమోనని భయపడ్డాను. నీ జాబు మరీ పొట్టిగా ఉంది గానీ, శనగల పనిలో ఉన్నావని సరిపెట్టుకున్నాను.

ఇక్కడ జరిగింది విను. మంట పెట్టె బరువు నేనొక్కణ్ని ఎత్తలేనంత ఉంది. గోడలోకి ఇనుప పట్టీ బిగించి దానికి తగిలించాలి. కరెంటు పని చేసే మారెన్నను పిలిచాను. మనిషి మంచివాడు, కానీ పని కంటే మాట ముందు నడుస్తుంది. "బెంగళూరు వస్తువన్నా, ధైర్యంగా పట్టుండు" అని నా చేతికి ఆ పట్టీ ఇచ్చి, డ్రిల్లు మిషను గోడకు ఆనించాడు. బుర్రుమంటూ దిగింది. ఇంకా దిగింది. మారెన్న భుజం దాకా దిగుతుందేమో అనిపించింది. అంతలో వంటింట్లో నుంచి భ్రమరాంబిక కేక.

గోడ సన్నది అక్కా. అవతలికి వచ్చేసింది. వచ్చింది యాడనుకున్నావు? పొయ్యి వెనక గోడకు ఆమె ఏరి ఏరి తెచ్చుకున్న ద్రాక్షగుత్తి టైలు ఉంది చూడు, ఆ గుత్తి నడుమ నుంచి! టైలు అడ్డంగా పగిలింది. మారెన్న అవతలికి పోయి, ఆ బెజ్జంలో నుంచి నన్ను చూసి, "గోడ సన్నగుండాదని ముందే చెప్పల్ల గదన్నా" అన్నాడు. భ్రమరాంబిక మూడు రోజులు నాతో సగం మాటలే మాట్లాడింది. అన్నం పెట్టేటప్పుడు మాత్రం "ద్రాక్షపండ్లు వేయమంటారా?" అంటోంది.

మొత్తానికి ఆ బెజ్జంలో నుంచే పొడుగాటి బోల్టు ఇటు నుంచి అటు దూర్చి బిగించాం. ఇప్పుడు ఏనుగు ఊగినా ఊడదు. కానీ వెలిగించి చూసే భాగ్యం ఇంకా లేదు. పాలు పొంగే దాకా కొత్త ఇంట్లో నిప్పు పుట్టకూడదట. బొమ్మ నిప్పే కదా అన్నాను. నా భార్య ద్రాక్షగుత్తి వైపు చూసింది. నేను రిమోటు జేబులో పెట్టేసుకున్నాను.

వచ్చిన ప్రతివాళ్లూ నల్లటి అద్దం చూసి పెద్ద టీవీ అనుకుంటున్నారు. మొన్న మీ పక్కింటి జీవమ్మ ఆసుపత్రి పని మీద నంద్యాల వచ్చి ఇల్లు చూసిపోయింది. దాని ముందు కూర్చుని, సీరియల్ పెట్టమంది. నీకు అన్ని సంగతులూ చెబుతానంది.

తేలికపడ్డ మనసుతో,
కేశవులు


ఆళ్లగడ్డ,
7 ఏప్రిల్

ఒరే చెన్నకేశవులూ,

చెప్పింది. జీవమ్మ అన్ని సంగతులూ చెప్పింది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా సంచీతోనే మా ఇంటికి వచ్చి చెప్పింది.

పాలు నీ భార్య చెల్లెలు ప్రేమకుమారి పొంగిస్తాందంట గదా! చీర కూడా చూసుకుందంట గదా, చిలకపచ్చ! ఇదంతా జీవమ్మ నోట నేను వినల్లనా? నువ్వు ద్రాక్షపండ్ల గురించి పేజీ రాసినావు, మారెన్న గురించి పేజీ రాసినావు, నా స్థానంలో ఇంకొకరిని కూచోబెట్టింది రాసేకి నీకు చోటు చాలలేదా? ఇన్‌లాండు కవరు మూడు పక్కలా రాయొచ్చని ఉద్యోగంలో నువ్వే ఊరందరికీ చెప్పినావే!

నేను రానన్నా. అవును, అన్నా. రానంటే నా పాలు వేరేవాళ్లతో పొంగించమనా అర్థం? రానంటే ఇంకోసారి అడగమనిరా! ఇంటికొచ్చిన వాళ్లకు అన్నం పెడతామంటే వద్దు వద్దంటారు. అంతటితో నువ్వు విస్తరి తీసేస్తావా? చేయి పట్టుకుని కూచోబెట్టవా? చిన్నప్పుడు నువ్వు అన్నం వద్దని అలిగి గడ్డివామి వెనక దాక్కుంటే నేనెన్నిసార్లు వచ్చి పిలిచినానో నీకు గుర్తుండదులే. వద్దన్న జాబుకు ముద్ర కొట్టి వాపసు పంపినట్టు నన్ను వాపసు పంపేసినావు. పైగా "నీ మాటే నా మాట" అని ఒక సంతకం!

సంతోషం అని రాస్తే నిజంగానే సంతోషమనుకున్నావంటే, నీకు పోస్టాఫీసులో ఉద్యోగం ఎట్లా ఇచ్చినారో నాకు అర్థం కాదు.

గోడకు మంట తగిలించుకుని సల్లగా బతుకు.

కమలాక్షమ్మ


నంద్యాల,
11 ఏప్రిల్

అక్కా,

నీ జాబు గేటు దగ్గర నిలబడే చదివాను. పోస్టుమ్యాను పాపం మంచినీళ్లు కావాలా అని అడిగాడు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. పురోహితుడు సామాన్ల పట్టీ రాస్తూ, "పాలు పొంగించేది ఎవరు?" అన్నాడు. మా అక్క రాలేనంది అన్నాను. ఆయన, "పోనీలేప్పా, ఎట్లాగూ ముత్తైదువ అయితేనే బాగుంటాది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది, కానీ నోరు తెరవలేదు. పక్కనే ఉన్న ప్రేమకుమారి, "నేను చేస్తా బావా" అంది. దానికీ నోరు తెరవలేదు. నేను మాట్లాడకపోతే సరేనన్నట్టే అనుకున్నారు. అంతే అక్కా జరిగింది. చీర సంగతి నాకు తెలియదు.

నీ జాబు అందినప్పటి నుంచి ఆలోచిస్తున్నాను. ఇప్పుడొక మంచి ఉపాయం తట్టింది. కోపం పక్కన పెట్టి విను.

గోడ మీది మంట నువ్వు వెలిగించు! ఆలోచించి చూడు. పాలకు శాస్త్రం ఉంది, దీపానికి శాస్త్రం ఉంది, గుమ్మానికి శాస్త్రం ఉంది. ఈ కరెంటు మంటకు ఏ శాస్త్రమూ లేదు. దీన్ని ఎవరు వెలిగించాలో, ఎవరు వెలిగించకూడదో చెప్పే మొనగాడు ఈ జిల్లాలో లేడు. పురోహితుణ్ని మెల్లగా అడిగాను కూడా. ఆయన బుర్ర గోక్కుని, "దీనికి మంత్రం లేదప్పా" అన్నాడు. మంత్రం లేని చోట అభ్యంతరమూ ఉండదు కదా! పాలు పొంగడం కాగానే అందరినీ హాలులోకి పిలుస్తాను. రిమోటు నీ చేతికిస్తాను. నువ్వు నొక్కగానే ఇంత ఎత్తున మంట లేస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. చీర కూడా నీకు వేరే తీస్తాను.

ఎలా ఉంది? భ్రమరాంబికకు ఇంకా చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను.

నీ ఒప్పుదల కోసం చూసే,
కేశవులు


ఆళ్లగడ్డ,
15 ఏప్రిల్

కేశవా,

నీ ఉపాయం చదివినా. నువ్వు మంచి మనసుతోనే రాసినావని నాకు తెలుసు. అందుకే తిట్టకుండా చెప్తాండా.

పసిబిడ్డ అన్నం వండుతానని ఏడిస్తే లక్కపిడతలు చేతికిస్తాం చూడు, అట్లా ఉండాదిరా నువ్వు చెప్పింది. నిజం నిప్పు ప్రేమకుమారికీ, బొమ్మ నిప్పు నాకూనా? అందరూ చప్పట్లు కొడతారా? కొడతార్లే. పాపం ముసలామె, ఏదో ఒకటి చేతికిచ్చినారులే అనుకుంటా కొడతారు. నాకొద్దు. ఎవరికీ అభ్యంతరం లేని పని నాకిస్తే అది గౌరవం కాదు కేశవా. అభ్యంతరం ఉన్నా ఇస్తే గౌరవం.

ఇంకో మాట కూడా చెప్తా. ఇది ఎవరికీ చెప్పలేదు. మీ బావ పోయిన ఏడాదే ఈశ్వరికి సీమంతం చేసినాం. నా ఇంట్లో, నా కోడలికి. నేను వంటింట్లో కూచున్నా. ఎవరూ పొమ్మనలేదు. నేనే పోయి కూచున్నా. హాలులో గాజుల చప్పుడు వినపడతాంటే, ఎవరన్నా వచ్చి చేయి పట్టుకుని లాగుతారేమోనని తలుపు వైపే చూస్తాన్నా. ఎవరూ రాలేదు. పని తొందరలో మరిచిపోయినారులే, వాళ్ల తప్పేం లేదు. కానీ ఆ పొద్దు ఏడ్చినంత మీ బావ పోయినప్పుడు కూడా ఏడ్వలేదు. అప్పటి నుంచి ఎవరు పిలిచినా ముందే రానంటాండా. వాళ్లు మరిచిపోకముందే నేనే వద్దంటే బాధ ఉండదు గదా.

రావల్లని లేదా అంటే ఉండాది. నీ ఇంట్లో పొయ్యి ముందర కూచోవల్లనీ ఉండాది. భయమూ ఉండాది. నా చేతి మీద పాలు పొంగకపోతే? రేపు నీకో, భ్రమరాంబికకో జలుబు చేసినా నా వల్లే అంటారు. వాళ్లు అనకపోయినా నేనే అనుకుంటా. ఆ భయం నాది, దాన్ని నువ్వు తీయలేవు. కానీ లక్కపిడత మాత్రం ఇవ్వొద్దు. ఇస్తే పాలే ఇయ్యి. లేకుంటే నేను ఈడే బాగుండా.

మీ అక్క


నంద్యాల,
18 ఏప్రిల్

అక్కా,

పాలు నువ్వే పొంగించాలి. రా.

ఈసారి నోరు తెరిచాను. పొద్దున్నే పురోహితుడి ఇంటికి పోయి, "మా ఇంటి ఆడపడుచు మా అక్కే. పొయ్యి ముందర ఆమే కూర్చుంటుంది" అన్నాను. ఆయన ఏదో చెప్పబోయాడు. "నేను సలహా అడగడానికి రాలేదు సామీ, చెప్పిపోదామని వచ్చినా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన, "మీ ఇల్లు, మీ అక్క. నేను మంత్రం చెప్పి పోతా. ఊళ్లోవాళ్ల నోళ్లు మాత్రం మీరే చూసుకోవల్ల" అన్నాడు. చూసుకుంటానన్నాను.

నీకు భయమన్నావు. నాకూ భయమే. పాలు పొంగకపోతే పొంగేదాకా కూర్చుందాం. మంట పెద్దది చేద్దాం. పొయ్యి గ్యాసుదే కదా, మన చేతిలోనే ఉంటుంది. జలుబు నాకు ప్రతి ఏడాదీ చేస్తుంది, దానికి ఎవరి ప్రమేయమూ అక్కర్లేదు.

నువ్వు మళ్లీ రానని రాస్తే నేను ఆళ్లగడ్డ వచ్చి నీ గుమ్మం ముందు కూర్చుంటాను. ఆ తరవాత కూడా రానంటే అక్కడే కూర్చుంటాను. ఈశ్వరి నాకు జొన్నరొట్టెలు చేసి పెట్టాల్సి వస్తుంది.

కింద భ్రమరాంబిక రాస్తానంటోంది.

కేశవులు

వదినా, ఇంత జరుగుతాంటే ఈ మనిషి నాకు ఒక్క మాట చెప్పలేదు. మీ జాబు ఈయన జేబులో రిమోటు కోసం వెతుకుతాంటే దొరికింది, చదివినా. తప్పయితే తిట్టండి. మా ప్రేమకుమారికి నేనే చెప్పినా. అది అలగలేదు, చిలకపచ్చ చీర ఎవరు కడతారని మాత్రం అడిగింది. మీరు రాకపోతే నేను ఆ ఇంట్లో కాలు పెట్టను. ఈ అద్దె ఇంట్లోనే ఉంటా. ఆయన ఒక్కడే పోయి ఆయన గోడ చూసుకుంటా కూచుంటాడు. చేయి పట్టుకుని లాగేకి నేనుండా వదినా. రాండి.
మీ భ్రమర


ఆళ్లగడ్డ,
3 మే 2007

నా తమ్ముడు కేశవులుకూ, మరదలు భ్రమరకూ కమలాక్షమ్మ ఆశీస్సులు.

ఇంటికి క్షేమంగా చేరినా. బస్సులో సీటు దొరికింది, కండక్టరు లేచి నమస్కారం కూడా పెట్టినాడు. భయమో భక్తో నాకు తెలియదు.

గృహప్రవేశం నీ ఇంట్లో జరిగిందే అయినా, నువ్వు ఏమీ చూసుండవు. నువ్వు హాలులో రిమోటు పట్టుకుని ఎప్పుడెప్పుడా అని నిలబడింటివి. కాబట్టి నేనే చెప్తా.

పొయ్యి వెలిగించేటప్పుడు అగ్గిపుల్లలు రెండు గీస్తానే ఆరిపోయినాయి. వెనక ఎవరో దగ్గినారు. ఎవరో గుసగుసమన్నారు. మూడో పుల్ల భ్రమర గీసి నా చేతికిచ్చింది. ఇచ్చి పక్కకు పోలేదు, నా భుజం మీద చేయి వేసి ఆడనే నిలబడింది. పాలు ఎంతసేపటికీ కదలవే! ఆ గిన్నెలో నా ప్రాణమే ఉన్నట్టుంది. నా కళ్లు ఎదురుగా పగిలిన ద్రాక్షగుత్తి మీద పడినాయి. అది చూసి నాకు నవ్వు వచ్చింది. ఆ సమయంలో నవ్వేదేందని అణుచుకుంటాంటే భ్రమరకూ వచ్చింది. ఇద్దరమూ నవ్వు ఆపుకోలేక తంటాలు పడతాంటే పాలు లేచినాయి కేశవా. తూర్పు పక్కకు పొంగినాయి. పురోహితుడే "ఆహా" అన్నాడు. నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చినా. అది మంచి ఏడుపేలే.

తరవాత నీ వైభవం మొదలైంది. అందరినీ గోడ ముందర నిలబెట్టి, మంట బటనూ వేడి బటనూ రెండూ కలిపి నొక్కితివి. ఏప్రిల్ నెల ఎండలో! మంట ఒక్కసారి ఇంత ఎత్తున లేసింది, ఫట్‌మని ఫీజు పోయింది. ఫ్యాన్లు ఆగినాయి, మిక్సీ ఆగింది, వచ్చినవాళ్లంతా శుభలేఖలతో విసురుకుంటా భోజనాలు చేసినారు. మారెన్న ఫీజు కడతా, "వేడి బటను నొక్కొద్దని ముందే చెప్పల్ల గదన్నా" అని తనకు తానే చెప్పుకుంటాన్నాడు. ఊరికి తిరిగొచ్చేటప్పుడు బస్సులో మనవాళ్లంతా దాని గురించే మాట్లాడుకున్నారు. పాలు ఎవరు పొంగించినారనేది ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆ మేలు మాత్రం నీ గోడ నాకు చేసింది. కాబట్టి దాన్ని ఇంక తిట్టను.

చిలకపచ్చ చీర బాగుండాది. ప్రేమకుమారి తను చూసుకున్న చీరను తన చేత్తోనే నాకు పెట్టిందని చెబితే ఈడ ఎవరూ నమ్మడంలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న సాయంత్రం జీవమ్మ వచ్చింది. నేను గొప్పలు చెప్తా, ఆయమ్మ గుచ్చి గుచ్చి అడుగుతా ఉండాది. ఎవరు దగ్గినారు, పురోహితుడు ముఖం ఎట్లా పెట్టినాడు, పాలు ఏ పక్కకు పొంగినాయి, అన్నీ. ఈమె మళ్లీ వీధంతా మోస్తాదని నేను జాగ్రత్తగా చెప్తాన్నా. అంతా విని, పోతానని లేచి గుమ్మం దాకా పోయింది. తరవాత అంది: "మా తమ్ముడు కొలిమిగుండ్లలో ఇల్లు కడతాండాడక్కా. శ్రావణంలో చేరతాడంట. నాకు పిలుపు వస్తాదిలే, భోజనానికి."

ఆయమ్మ మొగుడు పోయినప్పుడు ఆయమ్మకు ఇరవై రెండేళ్లు కేశవా. ఇప్పుడు తల పూర్తిగా నెరిసింది. ఇన్నేండ్లూ పక్కింట్లోనే ఉన్నా, పొద్దు పోక మాటలు మోస్తాదనుకున్నా గానీ, పొయ్యి ముందర కూచోవల్లని ఆమెకూ ఉంటాదని నాకు ఒక్కనాడూ తట్టలేదు. సిగ్గేసింది.

నీకు జాబులు రాసే పిచ్చి ఉండాది గదా. ఆయమ్మ తమ్మునికి ఒక జాబు రాయి. అడ్రసు వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టినా. పురోహితునికి నువ్వేం చెప్పినావో అది రాయి, ధైర్యంగా రాయి. వాళ్ల అక్కను పాలు పొంగించేకి పిలవమని చెప్పు.

ఆయమ్మ రానంటాది. నమ్మొద్దని రాయి.

మీ అక్క,
కమలాక్షమ్మ